దారి దాటించే గొర్రె

2001, హోసూరు కోర్టు వరండా, ఉదయం పదిన్నర. బల్ల మీద మునివెంకటమ్మ, ఆమె ఒళ్ళో ఊతకర్ర. ఒక పక్క గొర్రెల వ్యాపారి శ్రీరామప్ప, ఇంకో పక్క సంతలో బేరాలు కుదిర్చే అంకప్ప.

"చెయ్యి ఇట్ల తే వదినా. ఈ తువ్వాలు కిందికి పెట్టు. నేను వేళ్ళు పట్టుకుంటాను, ఎన్ని వేళ్ళో అంత రేటు, నువ్వు ఊ అను, లేదంటే ఉహూ అను. అంతే."

"నా చెయ్యి ఏమన్నా సంతకు వచ్చిందా అంకప్పా?"

"అట్ల కాదు వదినా. మన పోచంపల్లి గొర్రెల సంతలో ఎంత పెద్ద బేరమైనా ఇట్లనే కదా అయ్యేది. పక్కన నిలబడినోనికి కూడా రేటు తెలీదు. అది మర్యాద."

"ఎవరికి మర్యాద?"

"అమ్మేవాళ్ళకు, కొనేవాళ్ళకు. ఇద్దరికీ."

"గొర్రెకు?"

"చూడు మామా, ఎట్ల మాట్లాడుతుందో చూడు. కాలు విరిగింది గాని వదినకు నోరు విరగలేదు."

"అంకప్పా, నువ్వు రొంతసేపు ఊరికే ఉండు. మునెంకటమ్మా, చెప్తాను విను. ఇంగ రొంతసేపటికి బంట్రోతు పిలుస్తాడు. లోపల నిన్ను అడిగేది ఒకటే మాట."

"ఏమి మాట శ్రీరామన్నా?"

"లాయరు చెప్పలేదా నీకు?"

"నాకు లాయరు యాడ ఉండాడు? పోలీసాయన వచ్చి ఒక కాగితం ఇచ్చి, ఈ దినం రావల్ల అని చెప్పి పోయినాడు. లాయరు ఉండేది నీకు. ఆయప్ప ఏమి చెప్పినాడో నువ్వే చెప్పు."

"అదే... ఆ పొద్దు నువ్వు యాడ ఉంటివి అని. పెద్దరోడ్డు మీద మనుషులు దాటేదానికి వేసిన తెల్లగీతల మీద ఉంటివా, గీతలకు ఆవల ఉంటివా అని."

"నన్ను ఏమి చెప్పమంటావు?"

"నేను ఏమీ చెప్పమనలేదు. అంకప్ప నీతో..."

"నా పేరు ఎత్తొద్దు మామా. నేను తువ్వాలు వరకే."

"నువ్వే చెప్పు శ్రీరామన్నా. తువ్వాలు కింద ఎన్ని వేళ్ళు అనేది నాకు వద్దు. నోటితో చెప్పు."

"మెల్లగా మాట్లాడమ్మా. అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ. గేటు కాడ నుంచి కర్ర పట్టుకోని వస్తా ఉంటే అప్పటి నుంచి చూస్తానే ఉండారు."

"కాలు ఎట్ల ఉంది ఇప్పుడు?"

"ఏడు నెల్లైంది. ఇప్పుడు అడిగినావు."

"అదేమమ్మా అట్లంటావు? ఆసుపత్రికి పండ్లు పంపలేదా? అంకప్ప చేతికే ఇచ్చి పంపినాను."

"వచ్చినాయి. మోసంబీలు. అంకప్ప నా మంచం పక్కన కూర్చోని రెండు తిని పోయినాడు."

"ఒకటే వదినా. రెండోది నువ్వే తినమంటివి."

"సరే, పోనీ. చెప్పు శ్రీరామన్నా."

"చెప్తాను. గీతలకు పదడుగులు ఆవల దిగినాను అని చెప్పు. అంత చాలు. గీతల మీద మనిషి ఉంటే బండి నిలిపే తీరల్ల. నిలపలేదంటే తప్పు తోలినోనిది. గీతలు వదిలి ఇంగ యాడ దిగినా, చూసుకోకుండా బండికి అడ్డం వచ్చింది అని రాసుకుంటారు. కేసు కొట్టేస్తారు. మోహన్‌కుమార్ బయట పడతాడు, పాపం."

"మోహన్‌కుమార్..."

"నా డ్రైవరు. నీకు తెలిసినోడే కదా, కెలమంగలం వాడు."

"తెలుసు. మంచోడు. మా గొర్రెలను బండిలోకి ఎత్తేటప్పుడు చెవులు పట్టి లాగడు, పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తుతాడు."

"అదే కదా చెప్పేది. ఇద్దరు బిడ్డలు వానికి. లైసెన్సు పోతే ఏమి చేస్తాడు చెప్పు. నా కోసం కాదమ్మా, వాని కోసం."

"యాడ ఉండాడు?"

"గేటు కాడ టీ తాగేదానికి పోయినాడు."

"నా మొగం చూడలేకనా?"

"బయం వానికి."

"వానికెందుకు బయం?"

"కేసు కదా."

"కేసు అయితే నీకు కూడా బయం ఉండల్ల. బండి నీది. నువ్వు నా పక్కనే కూర్చోని ఉండావు."

"వదినా, పనులు ఎట్ల అవుతాయో అట్ల కానీలే. నువ్వు ఒక్క మాట ఊ అంటే..."

"పిల్లమ్మ వాళ్ళు ఏమి చెప్తారంట అంకప్పా?"

"ఏ పిల్లమ్మ?"

"రోజాపూల తోటకు నాతో కూడా పనికి వచ్చే పిల్లమ్మ. పుట్టమ్మ. ఆ పొద్దు నా ఎనకనే నిలబడి ఉండిరి కదా."

"వాళ్ళా. వాళ్ళకు ఎండ మొగాన కొడతా ఉండెనంట. సరిగ్గా కనపడలేదంట."

"తువ్వాలు కింద చెయ్యి పెట్టినారా?"

"పెట్టినారు వదినా. నీకెందుకు అబద్దం చెప్పల్ల."

"పిల్లమ్మ ఎన్ని వేళ్ళకు ఊ అనింది?"

"అది చెప్పకూడదు. మర్యాద."

"ఏమి మర్యాదప్పా మీది! మా ఇంటికి వచ్చి రాగిముద్ద చేసి పెడతా ఉండింది పిల్లమ్మ, నేను పడుకున్నన్ని దినాలు. పోయిన నెల నుంచి రాలేదు. ఎందుకు రాలేదబ్బా అనుకుంటా ఉంటిని."

"అంగాళమ్మ! అంగాళమ్మ ఉండారా? అంగాళమ్మ!"

"మనది కాదు. కూర్చో కూర్చో. ఇంగా టైము ఉంది."

"నేను లేయలేదు శ్రీరామన్నా. లేచింది నువ్వు."

"ఆ. అలవాటు... బంట్రోతు అరిస్తే ఊరికే లేస్తాను."

"మామా, నవ్వు మొగం పెట్టు రొంత. వదినా, నిన్ను చూస్తే నాకు పోయినేడు గుర్తుకు వస్తుంది. తోటకు పోయే ఆడోళ్ళు పదిమంది పెద్దరోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటారు. ఎవరూ దాటరు. ఏమమ్మా అంటే, బొల్లి రావల్ల అంటారు. నువ్వు బొల్లికి తాడు కట్టి పట్టుకోని వస్తావు. ముందర గొర్రె, దాని ఎనక నువ్వు, నీ ఎనక పదిమంది. అటుపక్క లారీలు, ఇటుపక్క లారీలు, అన్నీ నిలబడి ఉంటాయి. పెండ్లి ఊరేగింపు కూడా అట్ల పోదు."

"నవ్వు. నాకు కూడా నవ్వు వస్తుంది. శ్రీరామన్నా, గొర్రెకు బండ్లు ఎందుకు నిలుపుతారు?"

"తెలిసిందే కదా అది."

"చెప్పు. నువ్వు గొర్రెల యాపారివి, నువ్వు చెప్తే సరిగ్గా ఉంటుంది."

"గొర్రెను కొడితే ఆడికాడే ఊరు చుట్టుకుంటుంది. గొర్రె రేటు అడుగుతారు. కడుపుతో ఉంటే పిల్లది అడుగుతారు. ఆ పిల్లకు పుట్టబోయే పిల్లది కూడా అడిగినోళ్ళు ఉండారు. ఇచ్చేదాకా బండి కదలనీరు. అందుకే గొర్రె కనపడితే ఎంతటి లారీవాడైనా ఫర్లాంగు దూరం నుంచే బ్రేకు మీద కాలు పెడతాడు."

"మనిషికి?"

"మనిషికి పోలీసు, కేసు, వాయిదా. శానా దినాలు పడుతుంది. ఆడికాడ ఇచ్చేది ఏమీ ఉండదు."

"ఏడు నెల్లు."

"ఊ."

"ఇంగొకటి ఉంది. మనిషి పక్కకు జరుగుతుంది అని."

"అదీ ఉంది. గొర్రె జరగదు. బెదిరి ఇంగా నడిమికే వస్తుంది. మనిషి అట్ల కాదు, హారను కొడితే ఎనక్కి పోతుంది. తోలేవాళ్ళందరూ అనుకునేది అదేనమ్మా. నేనొక్కన్నే కాదు."

"నువ్వు తోలతావా? మోహన్‌కుమార్ కదా తోలేది."

"అప్పుడప్పుడు తోలతాను. అందరూ అనుకునేది చెప్తా ఉండాను, అంతే."

"సరే. బొల్లిని నేను ఎందుకు పెట్టుకుంటినో నీకు తెలుసు."

"తెలుసు."

"మా ఆయన పోయినంక మందంతా నీకే అమ్మినాను. ఇంగొకరికి చూపించలేదు. మా మామ కాలం నుంచి మీ ఇంటికే అమ్మేది కదా అని. ఒక్క బొల్లిని ఇయ్యలేదు."

"ముసలిది అది. పండ్లు కూడా ఊడిపోయి ఉండె. నేను కూడా అడగలేదు."

"ఉగాది అయినంక అడిగినావు."

"బెంగుళూరు పార్టీకి ముప్పై చెప్పి ఉంటిని. ఇరవైతొమ్మిది ఉండె. ఒకటి తక్కువతో బండి కట్టల్ల అంటే నాకు నిద్ర పట్టదు. నా యాపారంలో చెప్పిన లెక్క ఏ పొద్దూ తగ్గలేదు."

"నేను ఇయ్యను అంటిని. ఇది అమ్మే గొర్రె కాదన్నా, దారి దాటించే గొర్రె అంటిని. అప్పుడు నువ్వు ఏమంటివి?"

"గుర్తు లేదు."

"నాకు గుర్తుంది. మా ఇంటి ముందర నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చోని, మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి చెప్పినావు."

"ఏడు నెల్ల కింది మాట మునెంకటమ్మా. బేరంలో ఎన్నో అంటాము."

"నీకు బెంగుళూరోడు మూడేండ్ల కింద తిరగ్గొట్టిన గొర్రె ఏ రంగో కూడా గుర్తుంటుంది. చెప్పు."

"రోడ్డు మీద తెల్లగీతలు వేసినారు కదా, ఇంగ గొర్రె ఎందుకు నీకు అన్నాను."

"ఇంగ?"

"గీతల మీద కాలు పెడితే ఎంత పెద్ద బండైనా నిలపల్ల, అది చట్టం అన్నాను."

"ఇంగ?"

"అంతే."

"అంతే కాదు. కలెక్టరు బండైనా నిలపల్ల, నా బండైనా నిలపల్ల అంటివి. గొర్రె తాడు పట్టుకోని దాటే కాలం పోయింది మునెంకటమ్మా, ఇప్పుడు రోడ్డుకు నువ్వే రాణివి అంటివి."

"అంటినేమో."

"అబద్దమా అది?"

"అబద్దం కాదు! చట్టం ఉండేది నిజం. గీతలు కనపడితే వేగం తగ్గించల్ల, మనిషి ఉంటే నిలపల్ల. లైసెన్సు ఇచ్చేటప్పుడు బోర్డు చూపించి మరీ అడుగుతారు."

"అయితే తెలిసే చెప్పినావు."

"తెలిసే చెప్పినాను. అబద్దం చెప్పి గొర్రెను కొనే మనిషిని కాదు నేను. నీకు తెలుసు అది."

"తెలుసు. అందుకే తాడు విప్పి నీ చేతికి ఇచ్చినాను."

"మామా, తువ్వాలు మడిచేదా? పరిచి ఉంచేదా?"

"ఊరికే ఉండు అంకప్పా!"

"ఆయప్పను ఎందుకు అరుస్తావు. ఆ పొద్దు ఏమైందో చెప్పు శ్రీరామన్నా. మోహన్‌కుమార్ నీకు చెప్పి ఉంటాడు కదా. నాకు కింద పడినంక గుర్తుంది గాని, బండి లోపల ఏమైందో తెలీదు."

"చెప్పినాడు."

"ఏమి చెప్పినాడు?"

"నిండా లోడు. ముప్పై. అట్లాంటి బండికి ఒక్కసారిగా బ్రేకు కొడితే ఎనకవి వచ్చి ముందరి వాటి మీద పడతాయి. కాళ్ళు విరుగుతాయి. అడుగున పడింది ఊపిరి ఆడక చస్తుంది. కాలు విరిగిన గొర్రెను బెంగుళూరులో సగానికి అడుగుతారు. నాలుగు విరిగినాయంటే ఆ లోడు తోలిందే దండగ. ఇదంతా తోలేవాని తలలో తిరుగుతానే ఉంటుంది. కూర్చోని లెక్క వేసేది కాదు, కాలు పెట్టేలోపలే లెక్క అయిపోతుంది. గీతలు కనపడినాయి. మనిషి కనపడింది. దూరం ఉంది ఇంగా. హారను కొడితే పోతుందిలే, పోకుండా ఎట్లుంటుంది అని..."

"అని?"

"అని అనుకుంటిని."

"మోహన్‌కుమార్ అనుకున్నాడా?"

"మామా, బయటికి పోయి బీడీ తాగి వద్దాం పా."

"కూర్చో."

"పోలీసోళ్ళు తిరిగే జాగా మామా ఇది."

"కూర్చో అంటిని కదా! మునెంకటమ్మా, మోహన్‌కుమార్ ఆ పొద్దు బండిలో లేడు. అత్తగారింట్లో జాతర అని పోయి ఉండె. తోలింది నేను. నా లైసెన్సు తేదీ దాటిపోయి రెండేండ్లు. సాయంత్రం బండిని స్టేషను ముందర పెట్టి, వాన్ని పిలిపించి, తోలింది నేనే అని చెప్పు పో అన్నాను. వాడు ఎందుకు అని కూడా అడగలేదు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు? ఆ పొద్దు నీకు తెలివి లేదు అనుకుంటిని. తెలిసి ఇంతసేపూ మోహన్‌కుమార్ మోహన్‌కుమార్ అని..."

"యాడ దాకా పోతావో చూద్దాము అని."

"ఎవరు చెప్పినారు నీకు?"

"నువ్వే చెప్పినావు. నేను రోడ్డు మీద పడి ఉంటిని. బండి రొంత దూరం పోయి నిలిచింది. తలుపు తీసిన సద్దు అయింది. వస్తాడు అనుకుంటిని. నువ్వు ముందర యాడికి పోయినావు?"

"వద్దమ్మా."

"ఎనక తలుపు కాడికి పోయినావు. జతలు జతలుగా లెక్క పెట్టినావు. జత ఒకటి, జత రెండు అని. నీ గొంతు నాకు తెలీదా? మా మందను ఎన్నిసార్లు ఎంచినావు ఆ గొంతుతో. నా కాలు నా పక్కన ఎట్లనో తిరిగి పడి ఉంది, నేను నీతో కూడా ఎంచుతా ఉంటిని. పదిహేనో జత దాకా."

"అది అలవాటమ్మా. బండి కుదిపిందంటే దిగి ఎంచేది... కాళ్ళే పోతాయి ఆడికి. నేను పోలేదు, కాళ్ళు పోయినాయి."

"ఎన్ని చచ్చినాయి?"

"ఒకటి కూడా పోలేదు."

"కాళ్ళు విరిగినాయా?"

"లేదు."

"బ్రేకు కొట్టినావు కదా?"

"నీకు తగిలినంకే. అది కూడా మెల్లగా."

"మేలు. లెక్క తగ్గలేదు."

"మునెంకటమ్మా, నన్ను ఏమైనా అను. ఈ ఏడు నెల్లలో నేను ఆ లెక్క ఎన్నిసార్లు వేసినానో నాకే తెలుసు. కూర్చుంటే అదే, పడుకుంటే అదే. హారను కొట్టకుండా బ్రేకు కొట్టి ఉంటే మహా అయితే రెండు గొర్రెలు. రెండు గొర్రెలు అమ్మా! ఇప్పుడు నేను ఆ గీతల కాడికి వస్తే ఎవరూ లేకపోయినా నిలుపుతాను. ఎనక బస్సోళ్ళు తిడతారు, ఏమప్పా యాడన్నా కూలిపోయిందా బండి అని. అయినా నిలుపుతాను."

"ఎవరికి నిలుపుతావు?"

"తెలీదు."

"బొల్లి ఏమైంది?"

"ముప్పైలో ఒకటి."

"ఆ పొద్దేనా?"

"ఆ పొద్దే. నిన్ను పిల్లమ్మ వాళ్ళు ఆటోలో ఎక్కించినారు కదా. నేను ఎనకనే వస్తాను అని పిల్లమ్మతో చెప్పినాను."

"చెప్పినావు."

"బండి ఆసుపత్రి పక్క తిరగలేదు. లోడు ఉండె."

"మునివెంకటమ్మ ఎవరమ్మా ఈడ? అత్తిముగం మునివెంకటమ్మ?"

"నేనే సామీ."

"ఇంగొక కేసు అయితే మీదే. యాడికీ పోవద్దు. ముద్దాయి ఉండాడా?"

"ఉండాడు సార్, టీ తాగేదానికి పోయినాడు, పిలుస్తాను."

"పిలిచి పెట్టుకో. మళ్ళా మళ్ళా అరవను నేను."

"మామా, ఇంగ టైము లేదు. ఒక మాట అనుకోండి. వదినా, జరిగింది జరిగిపోయింది. అందరికీ తప్పు తెలిసింది. ఇంగ నీ మాట చెప్పు."

"చెప్తాను. శ్రీరామన్నా, నేను గీతల మీద లేను అనే చెప్తాను."

"ఏమి?"

"పదడుగులు ఆవల దిగినాను అంటాను. నువ్వు చెప్పమన్నట్లే. బండి తోలింది ఎవరో చూడలేదు అంటాను."

"అదీ మాట! చూసినావా మామా? ఎంతైనా ఊరోళ్ళు ఊరోళ్ళే. వదినా, తే చెయ్యి, ఇప్పుడన్నా..."

"తువ్వాలు మడిచి భుజాన వేసుకో అంకప్పా. నాకు ఏమీ వద్దు."

"ఏమీ వద్దా? ఏమీ లేకుండా బేరం ఎట్లవుతుంది?"

"బేరం కాదు ఇది."

"మరి ఎందుకు చెప్తావమ్మా అట్ల? నా కోసమా?"

"నీ కోసం కాదు శ్రీరామన్నా."

"మోహన్‌కుమార్ కోసమా?"

"వాని కోసం రొంత. మిగిలింది నా కోసం. గీతల మీద ఉంటిని అని చెప్తే అంతటితో వదలరు. బండి వచ్చేది చూసినావా అని అడుగుతారు. చూసినాను అని చెప్పల్ల. చూసినదానివి ఎందుకు దిగినావు అని అడుగుతారు. దానికి ఏమి చెప్పల్ల నేను?"

"చట్టం ఉంది, నిలుపుతారు అని దిగినాను అని చెప్పు. అది నిజమే కదా."

"చట్టాన్ని చూసి ఎవరన్నా దిగుతారా? ఆ పొద్దు ఆ గీతల మొదట్లో అరగంట నిలబడి ఉంటిని నేను. గొర్రె లేదు. నువ్వే ముందర పో, నీ ఎనక మేము వస్తాము అని పిల్లమ్మ వాళ్ళు నూకుతా ఉండిరి. లారీలు పోయినాయి. బస్సులు పోయినాయి. పోలీసు జీపు కూడా పోయింది. ఒకటీ నిలపలేదు. నేను దిగలేదు. పనికి పొద్దు పోతా ఉన్నా దిగలేదు."

"మరి?"

"అప్పుడు నీ బండి వచ్చింది. అద్దంలో నీ మొగం కనపడింది. ఈయప్పే కదా నిన్న సాయంత్రం మా గట్టు మీద కూర్చోని చెప్పింది, ఎవరు నిలపకపోయినా ఈయప్ప నిలుపుతాడు అనుకుంటిని. నిన్ను చూసి దిగినాను."

"నువ్వు చెయ్యి ఎత్తితివి. నిలుపు అని ఎత్తితివి, నాకు కనపడింది."

"నిలుపు అని కాదు. నిలుపుతావని తెలుసు కదా, అది అడిగేది ఏముంది? పలకరించేదానికి ఎత్తినాను. లోపల బొల్లి ఉంటుంది కదా అని కూడా."

"అమ్మా..."

"ఇదంతా అంతమంది ముందర చెప్పేదానికి నాకు సిగ్గు శ్రీరామన్నా. మందలు మేపి, మందలు అమ్మిన ఇంటి కోడలు, సంతంతా తెలిసిన ఆడది, బేరంలో చెప్పిన మాటను మాట అనుకోని రోడ్డు మీద దిగింది అని నవ్వుతారు. చూసుకోకుండా దిగింది అని రాసుకోనీ. గుడ్డిది అనుకోనీ. అది మేలు నాకు."

"వద్దు మునెంకటమ్మా. అట్ల చెప్పొద్దు. గీతల మీదనే ఉంటిని అని చెప్పు."

"మామా! ఏమంటా ఉండావు?"

"గీతల మీదనే ఉంటిని అని చెప్పమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. తోలింది శ్రీరామప్ప అని చెప్పు. నన్ను జడ్జి ముందర తిట్టు. ఆ సిగ్గు నాది. నీకెందుకు అది? నాది నాకు ఇయ్యి."

"నీది నువ్వు మోసుకో. నాది నాకు ఉంది."

"మామా, నెలంతా తిరిగి నాలుగిండ్లలో మాట్లాడి పెట్టినాను నేను. ఇప్పుడు నువ్వే తాడు తెంపితే నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"మోహన్‌కుమార్! మోహన్‌కుమార్ ఉండాడా? సాక్షి మునివెంకటమ్మ! మోహన్‌కుమార్!"

"వస్తా ఉండాను సామీ. కర్ర జారింది, ఎత్తి ఇయ్యి అంకప్పా."

"ఇదో వదినా. మెల్లగా. వాడు కూడా వస్తా ఉండాడు, అదో, గేటు కాడ."

"సార్! సార్, ఒక్క నిమిషం సార్. మోహన్‌కుమార్ కాదు. బండి తోలింది వాడు కాదు సార్, నేను."

"మామా, రా ఇట్ల! ఆ వాకిలి కాడ నుంచి రా!"

"వదులు నా చెయ్యి. సార్, నా పేరు పిలవండి. నేను చెప్తాను లోపల. నోటితో చెప్తాను."

"ఎవరప్పా నువ్వు? పేరేమి?"

"శ్రీరామప్ప. అత్తిముగం శ్రీరామప్ప సార్, గొర్రెల యాపారం."

"శ్రీరామప్ప... ఉండు చూస్తాను... ఈ కేసులో ఆ పేరు యాడా లేదప్పా. వాకిట్లో అడ్డం నిలబడుకున్నావు చూడు. పక్కకు జరుగు, ఆయమ్మకు దారి విడు."